4 మెగాపిక్సెల్ కెమెరా, 8 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్: తోకచుక్కల దగ్గరికి వెళ్లిన గ్యాడ్జెట్ల కథ

ఒక డివైస్ స్పెక్స్ చెప్తాను, కొంటారో లేదో మీరే డిసైడ్ చేయండి. మెయిన్ కెమెరా 4 మెగాపిక్సెల్. స్టోరేజ్ 25 గిగాబిట్లు, అంటే దాదాపు 3 జీబీ. దాంతో పాటు వచ్చే చిన్న యూనిట్‌లో ప్రాసెసర్ స్పీడ్ 8 మెగాహెర్ట్జ్. గిగా కాదు, మెగానే. డెలివరీకి పదేళ్లు పడుతుంది. మధ్యలో పాడైతే సర్వీస్ సెంటర్ లేదు, రీప్లేస్‌మెంట్ కూడా లేదు.

ఇలాంటి ఫోన్ రివ్యూకి వస్తే నేను బాక్స్ కూడా ఓపెన్ చేయను. కానీ ఇవి ఫోన్ స్పెక్స్ కావు. యూరప్ స్పేస్ ఏజెన్సీ 2004 మార్చి 2న పంపిన రోసెట్టా స్పేస్‌క్రాఫ్ట్‌వి, దాని మీద కూర్చుని వెళ్లిన ఫీలే అనే ల్యాండర్‌వి. ఆ రెండూ కలిసి 640 కోట్ల కిలోమీటర్లు ప్రయాణం చేసి ఒక తోకచుక్కని పట్టుకున్నాయి. ఫీలే దాని మీద దిగింది కూడా. అంతకు ముందు ఆ పని ఎవరూ చేయలేదు.

ఈ టాపిక్ ఇప్పుడెందుకంటే, 2025 చివర్లో 3ఐ/అట్లాస్ తోకచుక్క గురించి మన దగ్గర జరిగిన హడావుడి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. కొండాపూర్‌లో నేను ఉండే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో వాటర్ ట్యాంకర్ మెసేజ్‌ల కన్నా "ఏలియన్ షిప్ వస్తోంది" అనే ఫార్వర్డ్‌లే ఎక్కువ వచ్చాయి. అసలు తోకచుక్కల దగ్గరికి మనిషి పంపిన మెషిన్లు ఏం చూశాయో తెలిస్తే ఆ ఫార్వర్డ్‌ల అవసరమే ఉండదు. నిజం వాటికన్నా చాలా బాగుంటుంది.

జొట్టో: స్క్రీన్ గార్డ్ పెట్టుకుని వెళ్లిన కెమెరా

తోకచుక్క అంటే మంచు, దుమ్ము, రాయి కలిసిన ఒక ముద్ద. సూర్యుడి దగ్గరికి వచ్చేకొద్దీ మంచు ఆవిరై, దుమ్ముతో కలిసి తోకలా సాగుతుంది. కింది నుంచి మనకి కనిపించేది ఆ తోకే. లోపలి ముద్ద ఎలా ఉంటుందో 1986 దాకా ఎవరూ దగ్గరగా చూడలేదు.

ఆ ఏడాది హేలీ తోకచుక్క వచ్చినప్పుడు సోవియట్ యూనియన్ రెండు వేగా నౌకల్ని, జపాన్ సకిగాకె, సుయిసెయి అనే రెండింటిని, యూరప్ జొట్టోని పంపాయి. కోల్డ్ వార్ రోజులవి. అయినా వేగా తీసిన ఫోటోల ఆధారంగానే హేలీ ఎక్కడుందో కచ్చితంగా లెక్కగట్టి, జొట్టోని దాని దగ్గరికి గురి చూసి పంపగలిగారు.

1986 మార్చి 14న, మన టైమ్‌లో తెల్లవారుజామున ఐదున్నర దాటాక, జొట్టో హేలీకి 596 కి.మీ. దూరంలోంచి దూసుకెళ్లింది. వేగం సెకనుకు 68 కి.మీ. ఆ స్పీడ్‌లో చిన్న ఇసుక రేణువు తగిలినా బుల్లెట్ తగిలినట్టే. అందుకే ముందు భాగంలో రెండు పొరల కవచం పెట్టారు. బయట 1 మిల్లీమీటరు అల్యూమినియం రేకు, కొంచెం ఖాళీ, తర్వాత మందంగా కెవ్లార్. మొదటి పొరకి తగిలిన రేణువు అక్కడే ఆవిరైపోతుంది, ఆ ఆవిరిని రెండో పొర ఆపేస్తుంది. మన టెంపర్డ్ గ్లాస్ లాజిక్ కూడా కొంచెం ఇలాంటిదే: పైది పగిలినా ఫర్వాలేదు, లోపలిది బతకాలి.

అయినా దెబ్బ తగిలింది. సరిగ్గా దగ్గరయ్యే 14 సెకన్ల ముందు ఒక రేణువు గుద్దేసరికి నౌక ఊగిపోయి, యాంటెనా భూమి వైపు నుంచి పక్కకి జరిగింది. దాదాపు అరగంట సిగ్నల్ వచ్చిపోతూ ఉంది. నౌక కోలుకుంది గానీ కెమెరా మళ్లీ పని చేయలేదు. అప్పటికే తీసిన ఫోటోల్లో మాత్రం అందరూ ఆశ్చర్యపోయే విషయం ఉంది. తెల్లటి మంచుగడ్డ కనిపిస్తుందనుకుంటే, 15 కి.మీ. పొడవున్న నల్లటి బంగాళాదుంప లాంటి ముద్ద కనిపించింది. మీద పడిన వెలుతురులో 4 శాతమే వెనక్కి పంపేంత నలుపు. బొగ్గు కన్నా నలుపన్నమాట.

స్టార్‌డస్ట్, డీప్ ఇంపాక్ట్: మీ పేరు చిప్ మీద

సామాన్య జనాన్ని మిషన్‌లోకి లాగడం ఎలాగో నాసా ఈ రెండింటితో బాగా చూపించింది.

1999 ఫిబ్రవరి 7న వెళ్లిన స్టార్‌డస్ట్‌లో పది లక్షలకు పైగా మనుషుల పేర్లు చెక్కిన మైక్రోచిప్‌లు ఉన్నాయి. అది 2004 జనవరి 2న వైల్డ్ 2 అనే తోకచుక్క పక్కనుంచి వెళ్లి, ఏరోజెల్ అనే పదార్థంలో దుమ్ముని పట్టుకుంది. ఏరోజెల్ చూడ్డానికి గడ్డకట్టిన పొగలా ఉంటుంది, లోపల ఎక్కువ భాగం గాలే. అందుకే బుల్లెట్ వేగంతో వచ్చే రేణువుని కూడా నెమ్మదిగా ఆపుతుంది. 2006 జనవరి 15న ఆ క్యాప్సూల్ అమెరికాలోని యూటా ఎడారిలో దిగింది. ఆ దుమ్ములో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం దొరికిందని 2009లో ప్రకటించారు. మన శరీరంలోని ప్రొటీన్లకి అమైనో ఆమ్లాలే ఇటుకలు.

దీని తర్వాత జరిగింది నాకు ఇంకా ఇష్టం. స్టార్‌డస్ట్ ట్రేలో నక్షత్రాల మధ్య నుంచి వచ్చిన రేణువులు కూడా కొన్ని ఉండాలి. అవి ఎక్కడున్నాయో వెతకడానికి లక్షల మైక్రోస్కోప్ ఫోటోలు చూడాలి. ఆ ఫోటోల్ని ఇంటర్నెట్‌లో పెట్టి, "ఎవరైనా వచ్చి వెతకండి" అన్నారు. వేలమంది ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని వెతికారు. 2014లో నక్షత్రాల మధ్య నుంచి వచ్చాయని భావిస్తున్న 7 రేణువుల్ని సైంటిస్టులు ప్రకటించారు. వెతికిన వాలంటీర్లకి కూడా ఆ క్రెడిట్ ఇచ్చారు.

డీప్ ఇంపాక్ట్ పని వేరు: వెళ్లి తోకచుక్కని గుద్దడం. 2005 జులై 4న సుమారు 370 కిలోల బరువున్న దాని ఇంపాక్టర్ టెంపెల్ 1 తోకచుక్కని సెకనుకు 10 కి.మీ. వేగంతో ఢీకొట్టింది. దాని మీద 6 లక్షలకు పైగా పేర్లున్న చిన్న సీడీ కూడా ఉంది. ఇలా గుద్దితే విశ్వంలో సమతుల్యం చెడిపోయిందంటూ మాస్కోలో ఒక జ్యోతిష్కురాలు నాసా మీద 30 కోట్ల డాలర్ల దావా వేశారు. కోర్టు కొట్టేసింది.

గుద్దిన చోట దుమ్ము ఎంత లేచిందంటే, గుంత ఎలా పడిందో డీప్ ఇంపాక్ట్ చూడలేకపోయింది. అప్పుడు నాసా ఏం చేసింది? పని అయిపోయి ఖాళీగా తిరుగుతున్న స్టార్‌డస్ట్ నౌకనే మళ్లీ వాడింది. 2011 ఫిబ్రవరి 14న అది టెంపెల్ 1 దగ్గరికి వెళ్లి ఆ గుంతని ఫోటో తీసింది. రిఫర్బిష్డ్ డివైస్ కొంటే చిన్నచూపు చూసేవాళ్లకి ఈ ఉదాహరణ చెప్పండి.

రోసెట్టా, ఫీలే: బ్యాటరీ టెస్ట్ అంటే ఇదీ

రోసెట్టా సోలార్ ప్యానెళ్లతో నడిచే నౌక. రెక్క చివరి నుంచి చివరికి 32 మీటర్లు. అయినా సూర్యుడికి 80 కోట్ల కి.మీ. దూరం వెళ్లాక ఆ వెలుతురు సరిపోదు. అందుకే 2011 జూన్‌లో దాదాపు అన్నీ ఆఫ్ చేసి నిద్రపుచ్చారు. ఒక గడియారం, కొన్ని హీటర్లు తప్ప ఇంకేమీ పనిచేయవు. రెండున్నరేళ్లకి పైగా ఆ నౌక నుంచి ఒక్క సిగ్నల్ లేదు. 2014 జనవరి 20న అలారం మోగి లేవాలి. మన టైమ్ రాత్రి 11:48కి సిగ్నల్ వచ్చింది. కంట్రోల్ రూమ్‌లో పెద్దపెద్ద సైంటిస్టులు చిన్నపిల్లల్లా గంతులేశారు. రోసెట్టా ట్విట్టర్ అకౌంట్ చాలా భాషల్లో హలో చెప్పింది.

ఆ ఏడాది నవంబర్ 12 నాకు బాగా గుర్తుంది. అప్పుడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నా. కొత్తగూడ జంక్షన్ దగ్గర్లోని హాస్టల్‌లో ఆరుగురం ఒక ల్యాప్‌టాప్ చుట్టూ చేరాం. వైఫై మాటిమాటికీ బఫర్ అవుతోంది. రాత్రి 9:33కి ఫీలే దిగిందని సిగ్నల్ వచ్చింది. మేం చూసేసరికి ఆ పని జరిగి 28 నిమిషాలైంది, ఎందుకంటే 51 కోట్ల కి.మీ. దాటి రావడానికి సిగ్నల్‌కి అంత టైమ్ పడుతుంది. మా రూమ్‌మేట్ ఒకడు "ఇక్కడ పక్క రూమ్ నుంచి సినిమా కాపీ చేసుకోవడానికి ఇంతకన్నా ఎక్కువ పడుతోంది రా" అన్నాడు.

అసలు డ్రామా తర్వాత మొదలైంది. భూమి మీద 100 కిలోలుండే ఫీలే ఆ తోకచుక్క మీద ఒక గ్రాము బరువే, ఒక కాగితంతో సమానం. పట్టుకోవడానికి పెట్టిన హార్పూన్లు పేలలేదు. దాంతో తగిలిన వెంటనే పైకి ఎగిరి, దాదాపు రెండు గంటలు గాల్లో తేలి (అక్కడ గాలి లేదనుకోండి), మళ్లీ తగిలి, చివరికి ఒక గుట్ట నీడలో ఒరిగి ఆగింది. అక్కడ ఒక రోజు అంటే 12 గంటల చిల్లర. అందులో గంటన్నరే ఎండ పడుతుంది. సోలార్ ఛార్జింగ్‌కి అది చాలదు.

ఇక మిగిలింది ఫుల్ చేసి పంపిన ప్రైమరీ బ్యాటరీ. దాని కెపాసిటీ సుమారు 1,000 వాట్-అవర్లు. మన 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ సుమారు 19 వాట్-అవర్లు. అంటే 50 ఫోన్ల బ్యాటరీతో, ఛార్జర్ లేకుండా, ఒక ల్యాబ్ మొత్తాన్ని నడపాలి. టీమ్ భయపడి ఆపుకుని కూర్చోలేదు. ఉన్న దాదాపు 60 గంటల్లోనే డ్రిల్ తిప్పారు, ఫోటోలు తీశారు, వాసన పట్టే పరికరాల్ని ఆన్ చేశారు, డేటా అంతా పంపేశారు. తర్వాత ఫీలే నిద్రపోయింది. 2015 జూన్‌లో ఒకసారి పలికి, జులై తర్వాత మళ్లీ పలకలేదు.

అది ఎక్కడ పడి ఉందో రోసెట్టా వెతుకుతూనే ఉంది. 2016 సెప్టెంబర్ 2న తీసిన ఫోటోలో, ఒక పగులులో కాళ్లు పైకి పెట్టుకుని కనిపించింది. పట్టుకుంది మొదట్లో నేను చెప్పిన ఆ 4 మెగాపిక్సెల్ కెమెరానే. ఆ నెల 30న రోసెట్టాని కూడా అదే తోకచుక్క మీద మెల్లగా దించి మిషన్ ముగించారు.

మెగాపిక్సెల్స్ ఎక్కువుంటే కెమెరా మంచిదా అని ఇప్పటికీ చాలామంది అడుగుతుంటారు. వాళ్లకి నా జవాబు ఆ ఫోటో. సెన్సార్ ముందు ఏ లెన్స్ ఉంది, ఎంత దగ్గరికి తీసుకెళ్లారు, అవే ముఖ్యం.

శ్రీహరికోట నుంచి వెళ్లి, తోకచుక్కని దాటుకుని

భారత్ ఇప్పటిదాకా తోకచుక్క కోసం ప్రత్యేకంగా మిషన్ పంపలేదు. కానీ మనం పంపిన నౌక దగ్గరికి తోకచుక్కే వచ్చింది.

2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన మంగళయాన్ 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి కక్ష్యలోకి చేరింది. నెల తిరక్కుండానే, అక్టోబర్ 19న, సైడింగ్ స్ప్రింగ్ అనే తోకచుక్క అంగారకుడికి సుమారు 1,40,000 కి.మీ. దూరంలోంచి వెళ్లింది. మనకీ చంద్రుడికీ ఉన్న దూరంలో సగం కూడా లేదు. దాని దుమ్ము సెకనుకు 56 కి.మీ. వేగంతో వస్తుంది. కొత్త ఫోన్ కొన్న నెలలోపే వడగళ్ల వానలో నిలబెట్టినట్టు.

నాసా తన మూడు నౌకల్ని గండం గడిచేదాకా అంగారకుడి వెనక్కి చేరేలా చేసింది. ఇస్రో కూడా ముందే మంగళయాన్ కక్ష్యని మార్చింది. ఏమీ కాలేదు. క్షేమంగా ఉన్నానంటూ మంగళయాన్ పేరుతో ట్వీట్ వచ్చింది. ఆరు నెలలకి డిజైన్ చేసిన ఆ నౌక దాదాపు ఎనిమిదేళ్లు పనిచేసి, 2022లో మూగబోయింది.

ఇక్కడే నాకు కొంచెం బాధ. 2025 అక్టోబర్ 3న 3ఐ/అట్లాస్ అంగారకుడికి సుమారు 3 కోట్ల కి.మీ. దూరంలోంచి వెళ్లింది. అక్కడున్న యూరప్, అమెరికా నౌకలు కెమెరాలు తిప్పి ఫోటోలు తీశాయి. 2014లో అదే వీధిలో మనకీ ఒక ఇల్లు ఉండేది. ఈసారి లేదు.

మెట్రోలో వెళ్తే కనిపించే చరిత్ర

హైటెక్ సిటీలో బ్లూ లైన్ ఎక్కితే కాసేపట్లో బేగంపేట వస్తుంది. ఆ చుట్టుపక్కల ఇప్పుడు సెస్ పరిశోధన సంస్థ ఉన్న క్యాంపస్ ఒకప్పటి నిజామియా అబ్జర్వేటరీ. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో మొదలుపెట్టిన ఈ అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకి మారింది. ప్రపంచంలోని పెద్దపెద్ద అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకుని ఫోటోలు తీసి నక్షత్రాల కేటలాగ్ చేస్తుంటే, అందులో ఒక వాటా హైదరాబాద్‌ది. ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు ఇక్కడ లెక్కగట్టారు. కంప్యూటర్ లేకుండా.

అక్కడ పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు వైణు బప్పు. టెలిస్కోప్ పక్కన పెరిగాడు, నిజాం కాలేజీలో చదివాడు, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ వెళ్లాడు. వెళ్లిన కొన్ని నెలలకే, 1949 జులై 2న, ఒక ఫోటో ప్లేట్ మీద కొత్త తోకచుక్క దొరికింది. దాని పేరు బప్పు-బాక్-న్యూకర్క్. బాక్ ఆయన ప్రొఫెసర్, న్యూకర్క్ తోటి విద్యార్థి. అది సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి దాదాపు 60,000 ఏళ్లు పడుతుందని లెక్కగట్టారు. అప్పటికి బప్పు వయసు 21. మీలో చాలామంది కన్నా చిన్నోడే కావచ్చు.

నగరం పెరిగేకొద్దీ బేగంపేట ఆకాశం వెలిసిపోయింది. 1960ల చివరికి ఉస్మానియా యూనివర్సిటీ 48 అంగుళాల టెలిస్కోప్‌ని నగరానికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టింది. ఇవాళ కొండాపూర్ టెర్రస్ మీద నిలబడితే ఐటీ టవర్ల లైట్లలో లెక్కపెట్టేన్ని చుక్కలే కనిపిస్తాయి.

1910 నుంచి 2025 దాకా ఫార్వర్డ్ ఒకటే

1910లో హేలీ వచ్చినప్పుడు దాని తోకలో సైనోజెన్ అనే విషవాయువు ఉందని తెలిసింది. భూమి ఆ తోకలోంచి వెళ్తుందని పేపర్లు రాశాయి. అమెరికాలో "తోకచుక్క మాత్రలు" అమ్మి డబ్బు చేసుకున్నారు. ఏమీ కాలేదు, ఎందుకంటే ఆ తోక చాలా పలచన. అదే ఏడాది మన గురజాడ అప్పారావు "ముత్యాల సరములు" రాశారు. అందులో ఆయన తోకచుక్కని అరిష్టంగా కాకుండా, సమాజంలో రావాల్సిన మార్పుకి గుర్తుగా చూశారు. ఫోన్ లేదు, ఫ్యాక్ట్ చెక్ లేదు, అయినా భయపడలేదు.

3ఐ/అట్లాస్‌ని 2025 జులై 1న చిలీలోని అట్లాస్ టెలిస్కోప్ కనిపెట్టింది. మన సౌరకుటుంబం బయటి నుంచి వచ్చినట్టు తెలిసిన మూడో వస్తువు ఇది. డిసెంబర్ 19న భూమికి అతి దగ్గరగా వచ్చింది. ఆ "దగ్గర" అంటే సుమారు 27 కోట్ల కి.మీ. అంటే సూర్యుడి కన్నా దూరం. తోకచుక్క చేసే పనులే అదీ చేసింది: వేడెక్కింది, వాయువు వదిలింది, తోక పెంచింది, వెళ్లిపోతోంది. వేరే నక్షత్రం దగ్గర పుట్టిన మంచుముద్ద మన వీధిలోంచి వెళ్లడం కన్నా పెద్ద వార్త ఏముంటుంది? దానికి ఏలియన్ థంబ్‌నెయిల్ ఎందుకు?

మీ చేతిలో ఉన్నదాంతో ఏం చేయొచ్చు

2024 అక్టోబర్‌లో షుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క వచ్చినప్పుడు చాలామంది ఫోన్లతోనే ఫోటో తీశారు. మళ్లీ అలాంటిది వచ్చినప్పుడు ఇవి గుర్తుపెట్టుకోండి:

- సిటీ వదిలేయండి. అనంతగిరి వైపు వెళ్లినా చాలు, తేడా కళ్లకే తెలుస్తుంది.
- ట్రైపాడ్ తప్పనిసరి. మూడు సెకన్ల టైమర్ పెట్టండి, బటన్ నొక్కిన కుదుపు రాదు.
- జూమ్ వద్దు, మెయిన్ కెమెరా వాడండి. ప్రో మోడ్‌లో ఫోకస్ ఇన్ఫినిటీకి, ఐఎస్‌ఓ 800 నుంచి 1600, షట్టర్ 4 నుంచి 10 సెకన్లు.
- ఏఐ సీన్ ఎన్‌హాన్స్ ఆఫ్ చేయండి. లేని వివరాలు అది కలిపిందంటే, మీరు తీసింది తోకచుక్క ఫోటో అని చెప్పలేం.

ఇంకో దారి కూడా ఉంది, దానికి కెమెరా కూడా అక్కర్లేదు. 1995 డిసెంబర్ 2న వెళ్లిన సోహో అనే నౌక సూర్యుడిని చూస్తూ ఉంటుంది. దాని ఫోటోల్లో దొరికిన తోకచుక్కల సంఖ్య 2024 మార్చిలో 5,000 దాటింది. వాటిలో ఎక్కువ భాగం కనిపెట్టింది మామూలు జనమే. నాసా సన్‌గ్రేజర్ ప్రాజెక్ట్ వెబ్‌సైట్‌లో రూల్స్ చదువుకుని, ఫోటోల్ని వరసగా చూస్తూ, కదిలే చుక్కని పట్టుకోవాలి. ఆ కెమెరా 1 మెగాపిక్సెల్. మీ దగ్గరున్న పాత ల్యాప్‌టాప్ చాలు, ఓపికే కావాలి.

ముందు ముందు యూరప్, జపాన్ కలిసి కామెట్ ఇంటర్‌సెప్టర్ అనే నౌకని ఈ దశాబ్దం చివర్లో పంపాలని ప్లాన్ చేస్తున్నాయి. ఏ తోకచుక్క దగ్గరికి వెళ్లాలో ఇంకా తేలకుండానే అది బయల్దేరి, భూమికి 15 లక్షల కి.మీ. దూరంలో కాపు కాస్తుంది. సరైన కొత్త తోకచుక్క కనిపించగానే దాని దారికి ఎదురెళ్తుంది. అది రెడీ అయ్యేసరికి మీలో కొందరు కాలేజీ దాటి ఉద్యోగాల్లో ఉంటారు. ఆ టీమ్‌లో కాకపోయినా, ఇస్రో పంపబోయే అలాంటి టీమ్‌లో మన కొండాపూర్ వాళ్లు ఒకరిద్దరైనా ఉండాలని నా కోరిక. ఈలోపు ఎవరైనా తోకచుక్క ఫార్వర్డ్ పంపితే, డిలీట్ కొట్టకుండా ఫీలే బ్యాటరీ సంగతి చెప్పండి. వినకపోతే నన్ను అడగండి.